పండుగ తేదీలు ఎందుకు కదులుతాయి, గోడ పట్టికలో ఏం రాయించాలి

మీ ప్రశ్నను నేను గ్రహించినంత వరకు సారాంశం ఇది. ఉపాధ్యాయులుగా కొత్తగా ఉద్యోగం వచ్చి మిర్యాలగూడ దగ్గరి ఒక ఊరి బడిలో చేరారు. ఏడాదిలో వచ్చే పండుగలన్నిటినీ, దేవుళ్ళ పండుగలు, ఊరి జాతరలు, జాతీయ దినాలు అన్న తేడా లేకుండా, తేదీలతో సహా బడి గోడ మీద పెయింటరుతో ఒకేసారి రాయించాలనుకున్నారు. సంక్రాంతి, క్రిస్మస్, ఆగస్టు 15 వరకు పని సాఫీగానే సాగింది. దసరా దగ్గరికి వచ్చేసరికి ఒక్కో ఏడు ఒక్కో తేదీ కనిపించింది. రంజాను ఏకంగా కాలాలే మారుతోంది. దీపావళికి ఒక ఏడు రెండు తేదీలు కనిపించాయి. పెద్దగట్టు జాతర కొన్ని సంవత్సరాల క్యాలెండర్లలో అసలు లేనే లేదు. పదేళ్ళ పాటు చెరపనవసరం లేకుండా రాయించే పద్ధతి ఏదైనా ఉన్నదా అని అడిగారు.

ఉన్నది. అయితే గోడ మీద తేదీ రాయించకండి. ఆ పండుగ దేన్ని చూసి నడుస్తుందో, ఏ వేళకు ఏది ఉండాలో రాయించండి. తేదీ గడిని ఖాళీగా వదిలి ప్రతి ఏటా సుద్దముక్కతో నింపండి. ఎందుకు ఇలా చెబుతున్నానో వివరించాలంటే నా సంగతి కొంత చెప్పుకోవాలి. నేను పురోహితుణ్ణి కాను, ఖగోళశాస్త్రం చదివినవాణ్ణీ కాను. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక బస్సు డిపోలో, ట్రాఫిక్ విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందాను. జాతరలకు, పండుగలకు ఎన్ని స్పెషల్ బస్సులు, ఏ దారిలో, ఏ రోజు, ఏ పూట వేయాలన్న చార్టు నా చేతి మీదుగానే తయారయ్యేది. పండుగ లెక్కను ఎవరైనా తప్పితే ఇంట్లో వంట ఒకరోజు ఆలస్యమవుతుంది. నేను తప్పితే ఆ తప్పు వేలమంది రూపంలో రోడ్డు మీద నిలబడేది.

అలా ఒకసారి నిలబడింది కూడా. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వచ్చే దారిలో చెరువుగట్టు ఉంది కదా, అక్కడి జడల రామలింగేశ్వర స్వామి దగ్గరికి ప్రతి అమావాస్యకూ జనం వెళతారు, రాత్రి గుట్ట మీద నిద్ర చేసి తెల్లవారి తిరిగి వస్తారు. నేను గోడ క్యాలెండరులో అమావాస్య అని అచ్చువేసిన తేదీ చూసి, ఆ రోజు మధ్యాహ్నం నుంచి బస్సులు వేశాను. జనం అంతకు ముందురోజు సాయంత్రమే వచ్చేశారు. ఆ రాత్రి ఉన్న రెండు మామూలు సర్వీసుల మీద పైకప్పు దాకా ఎక్కారు, మరుసటి రోజు నా స్పెషళ్ళు ఖాళీగా తిరిగాయి. డ్యూటీ దిగి వచ్చిన ఒక పెద్ద డ్రైవరు, డీజిలు మరకల చేయి తుడుచుకుంటూ నా బల్ల ముందు నిలబడి అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "సారూ, దేవునికాడ నిద్ర చేసేది రాత్రి గదా. రాత్రిపూట అమాస ఏ దినం ఉన్నదో చూడాలె. మీ క్యాలెండరు పొద్దుగాల చూసి రాస్తది." ఆ నెల అమావాస్య ముందురోజు మధ్యాహ్నం రెండింటికి ప్రవేశించి, క్యాలెండరు చెప్పిన రోజు మధ్యాహ్నానికే అయిపోయింది. రాత్రి ఉన్న అమావాస్య ముందురోజుదే.

మీరు అడిగిన 'రెండు దీపావళుల' గొడవ మొత్తం ఆ డ్రైవరు మాటలోనే ఉంది. తిథి అంటే రోజు కాదు. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. చంద్రుడి నడక ఒకే వేగంతో సాగదు కాబట్టి ఆ కాలం ఒకసారి సుమారు 20 గంటలు, మరొకసారి దాదాపు 27 గంటలు ఉంటుంది. అది పగటిపూట ఏ వేళనైనా మొదలు కావచ్చు, అర్ధరాత్రి ముగియవచ్చు. క్యాలెండరు అచ్చువేసేవారు సూర్యోదయానికి ఉన్న తిథిని ఆ రోజు తిథిగా వేస్తారు. పండుగకు మాత్రం దాని వేళ దానికి ఉంటుంది. ఉగాదికి సూర్యోదయానికి పాడ్యమి ఉండాలి. శ్రీరామనవమికీ వినాయక చవితికీ మధ్యాహ్నం చూడాలి. దసరాకు అపరాహ్ణం, అంటే మధ్యాహ్నం దాటిన తర్వాతి పొద్దు. దీపావళికి దీపాలు పెట్టే ప్రదోష వేళ. శివరాత్రికి అర్ధరాత్రి. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.50 ప్రాంతంలో మొదలై నవంబరు 1 సాయంత్రం 6.15 ప్రాంతంలో ముగిసింది. మన వైపు నవంబరు 1న పొద్దుగూకేది 5.45 ప్రాంతంలో. ఆనాటి సాయంత్రం అమావాస్య అరగంట మిగిలింది, ముందురోజు మాత్రం సాయంత్రం నుంచి తెల్లవారే దాకా పూర్తిగా ఉంది. తెలంగాణలో అక్టోబరు 31నే దీపావళి చేసుకున్నాము. నవంబరు 1న చేసుకున్నవారికీ వారి శాస్త్రాధారం వారికి ఉన్నది. దానికి తోడు పూర్వపద్ధతిలో, అంటే సూర్యసిద్ధాంతం ప్రకారం లెక్కించే పంచాంగానికీ, ఆకాశంలో నిజంగా కనిపించే స్థితితో సరిచూసి లెక్కించే దృగ్గణిత పంచాంగానికీ తిథి ముగిసే సమయంలో కొన్ని గంటల తేడా వస్తుంది. ఇవన్నీ తెలియక పంతుళ్ళు పండుగను ఆగం చేస్తున్నారని తిట్టేవారిని చూస్తే నాకు నా మొదటి చార్టు గుర్తుకు వస్తుంది.

ఇక తేదీలు కదలడం. అన్నిటికంటే సులభమైనది సూర్యుణ్ణి బట్టి నడిచే సంక్రాంతి. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించిన రోజు అది, చంద్రుడితో దానికి పని లేదు. అందువల్లనే జనవరి 14, లేదా 15. కానీ అదీ పూర్తిగా స్థిరం కాదు. మన లెక్క నక్షత్రాలను బట్టి, ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను బట్టి నడుస్తాయి కాబట్టి రెండింటికీ ఏడాదికి 20 నిమిషాల తేడా ఉంది. అది 70 ఏళ్ళకు పైచిలుకు కాలంలో ఒక రోజవుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న జన్మించారు, ఆ రోజు మకర సంక్రాంతి. 2024లో మనం సంక్రాంతి జనవరి 15న చేసుకున్నాము. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం ఉత్సవాలు, కొల్లాపూర్ వైపు సింగోటం జాతర సంక్రాంతితో ముడిపడి ఉన్నవి కాబట్టి వాటినీ ఈ వరుసలోనే రాయవచ్చు. ధనుర్మాసం, అంటే సూర్యుడు ధనుస్సు రాశిలో ఉండే నెల, కూడా సూర్యుడిదే. ముక్కోటి ఏకాదశి సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ ఇద్దరినీ చూస్తుంది, ధనుర్మాసంలో వచ్చే శుద్ధ ఏకాదశి కావాలి. అందువల్ల అది 2023లో జనవరి 2న ఒకసారి, డిసెంబరు 23న ఒకసారి వచ్చింది. 2024లో అసలు రాలేదు. 2025లో మళ్ళీ రెండుసార్లు, జనవరి 10న, డిసెంబరు 30న వచ్చింది. ముక్కోటికి తేదీ రాయించి ఉంటే 2024లో మీ గోడ ముందు నిలబడి పిల్లలు ఏమడిగేవారో ఊహించుకోండి.

మిగిలిన మన పండుగలలో ఎక్కువభాగం చాంద్రమానానివి. చంద్రుడి నెల 29 రోజులన్నర. పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి దాదాపు 11 రోజులు తక్కువ. ఇలాగే వదిలేస్తే ఉగాది వేసవి నుంచి చలికాలానికి, అక్కడి నుంచి వానకాలానికి జారిపోతుంది. ఆ జారుడును ఆపడానికి, ఒక అమావాస్య నుంచి మరుసటి అమావాస్య లోపల సూర్యుడు రాశి మారకపోతే ఆ నెలను అధికమాసంగా లెక్కించి పక్కన పెడతారు. 19 ఏళ్ళలో అలాంటివి 7 వస్తాయి. అందుకే ఒక పండుగ రెండేళ్ళో మూడేళ్ళో వెనక్కి వెనక్కి జరిగి, ఒక్కసారి ముందుకు దూకుతుంది. 2025లో వినాయక చవితి ఆగస్టు 27, దసరా అక్టోబరు 2, దీపావళి అక్టోబరు 20. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం రావడం వల్ల చవితి సెప్టెంబరు 14కు, దసరా అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి వెళ్తాయి.

19 ఏళ్ళ లెక్కకు 2025 దసరాయే సాక్ష్యం. 2006లోనూ దసరా అక్టోబరు 2ననే వచ్చింది. రెండుసార్లూ మన ఊళ్ళలో ఒకటే ఇబ్బంది. దసరా అంటే మన వైపు యాట మాంసం, కల్లు లేకుండా గడవదు. గాంధీ జయంతి నాడు మాంసం దుకాణాలు, మద్యం దుకాణాలు మూసి ఉండాలి. కదిలే పండుగ, కదలని పండుగ ఒకేచోట ఎదురుపడ్డప్పుడు జనం ముందురోజే మాంసం తెచ్చిపెట్టుకున్నారు. జమ్మి ఆకు బంగారం పంచుకోవడానికీ పాలపిట్టను చూడటానికీ మాత్రం ఏ ఆటంకమూ రాలేదు.

బతుకమ్మను గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీ పట్టికలో పిల్లలు ముందుగా వెతికేది దాన్నే. 2014 నుంచి అది రాష్ట్ర పండుగ. భాద్రపద అమావాస్య, అంటే మనం పెత్రమాస అనే రోజున ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమికి సద్దుల బతుకమ్మతో తొమ్మిది రోజులకు ముగుస్తుంది. నడుమ అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి పేర్చరు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు. డిపోలో నాకు ఈ పండుగ వాసన అందరికంటే ముందు తెలిసేది. పెత్రమాసకు రెండు రోజుల ముందు నుంచి దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చే బస్సులలో సీట్ల కింద తంగేడు కట్టలు, కిటికీల్లోంచి బయటికి పొడుచుకు వచ్చిన గునుగు కంకులు, తల్లిగారింటికి పోయే ఆడపిల్లల బ్యాగులు. సాయంత్రం లెక్క ఒప్పజెప్పడానికి కండక్టర్లు వస్తే టికెట్ల ట్రే సందుల్లో పసుపుపచ్చ రెక్కలు ఇరుక్కుని ఉండేవి. డబ్బు లెక్కపెట్టే ముందు వాటిని ఊది బల్ల తుడిచేవాణ్ణి.

ఈ తొమ్మిది రోజుల నడుమ ఒక అతుకు ఉన్నదని మనకు 2020లో బాగా తెలిసివచ్చింది. మొదటి రోజు భాద్రపదంలోది, మిగిలినవి ఆశ్వయుజంలోవి. ఆ ఏడు అధిక ఆశ్వయుజం వచ్చి ఆ రెండింటి నడుమ నెల రోజులు చొరబడింది. పెత్రమాస సెప్టెంబరు 17న, నవరాత్రులు అక్టోబరు 17న. మా వాడలో కొందరు సెప్టెంబరు 17న ఎంగిలిపూలు పేర్చి, మిగతా రోజులు నెల తర్వాత ఆడారు. మరికొందరు మొత్తాన్ని అక్టోబరుకే జరిపారు. మా ఇంటామె మొదటి పద్ధతినే పట్టింది. పెద్దలకు బియ్యం ఇచ్చిన రోజున పువ్వు పేర్చకుండా ఎట్లా ఉంటామన్నది ఆమె వాదన. అక్టోబరు 24న సద్దులు వచ్చేసరికి గునుగు ముదిరి గింజ రాలుతోంది, బంతి మాత్రం గంపలకొద్దీ దొరికింది. ఆ ఏటి బతుకమ్మలో తెలుపు తగ్గి పసుపు, ఎరుపు ఎక్కువయ్యాయి. అధికమాసం వచ్చిందంటే క్యాలెండరులో అంకె మారడమే కాదు, తాంబాళంలో రంగులు కూడా మారతాయని మీ విద్యార్థులకు చెప్పవచ్చు.

రంజాను, బక్రీదు, మొహర్రం కూడా చంద్రుణ్ణి చూసి నడిచేవే. తేడా అంతా అధికమాసం లేకపోవడంలో ఉంది. హిజ్రీ ఏడాది 354 లేదా 355 రోజులకు ముగుస్తుంది, ఏమీ కలపరు. ఈదుల్ ఫితర్ 2023లో ఏప్రిల్ 22, 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. ఇలా ఏటా 10, 11 రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ సుమారు 33 ఏళ్ళకు ఏడాదిని చుట్టివస్తాయి. నెల మొదలవడానికి నెలవంక కనిపించాలి కాబట్టి ప్రభుత్వం విడుదల చేసే సెలవుల జాబితాలో సైతం ఈ పండుగల తేదీలు మారవచ్చని ముందే సూచిస్తారు. వీటిని పట్టికలో నింపేటప్పుడు ఒకరోజు అటుఇటుగా అని రాయడం మరచిపోవద్దు.

రెండు లెక్కలకూ చంద్రుడు ఒక్కడే అనడానికి ఇటీవలి మూడేళ్ళు చక్కని పాఠం. 2023 జూన్ 29న తొలి ఏకాదశి, బక్రీదు ఒకే రోజు వచ్చాయి. బక్రీదు హిజ్రీ నెలలో పదో నాడు, ఏకాదశి మన నెలలో పదకొండో తిథి, నెలవంక కనిపించే రోజుతో లెక్క మొదలవుతుంది కాబట్టి రెండూ కలిశాయి. ఆ తర్వాత మనకు అధిక శ్రావణం వచ్చింది, వారికి రాలేదు. దాంతో 2024లో మన ఆషాఢం వారి మరుసటి నెల అయిన మొహర్రంతో జతపడింది. 2024 జూలై 17న తొలి ఏకాదశి, పీర్ల పండుగ (మొహర్రం పదో నాడు) ఒకే రోజు. 2025 జూలై 6న మళ్ళీ అదే. ఇంట్లో పేలాల పిండి, పీర్ల కొట్టం దగ్గర మలీద. ఊదు పొగలో పీరు ముందుకు వచ్చి దట్టీలు (మొక్కు గుడ్డలు) కట్టించుకుంటుంటే, ఏకాదశి ఉపవాసంలో ఉన్న మా పొరుగింటి ముసలామె కుడుకల దండ పట్టుకుని వరుసలో నిలబడింది. ఆమెకు ఆ రెండింటి నడుమ పేచీ ఏమీ కనిపించలేదు. మన దక్షిణ తెలంగాణ ఊళ్ళలో ఆశన్న ఊశన్న అని ఎగురుతూ అలావా (పీర్ల ముందరి నిప్పుల గుండం) చుట్టూ తిరిగేవారిలో హిందువులే ఎక్కువ ఉండే ఊళ్ళు చాలా ఉన్నాయి, వీలైతే ఆ రాత్రి పిల్లలతో వెళ్ళి చూడండి. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల ఈ జంట విడిపోతుంది. పీర్లు జూన్ చివరికి జరుగుతాయి, తొలి ఏకాదశి జూలై 25కు పోతుంది.

దర్గా ఉర్సులన్నీ హిజ్రీ తేదీలకే జరుగుతాయని మాత్రం అనుకోవద్దు. మీకు దగ్గరలోనే పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. అక్కడి ఉర్సు ఏటా జనవరిలోనే జరుగుతుంది. నెలవంకతో నిమిత్తం లేదు. కందూర్లు (మొక్కుగా పెట్టే విందులు) చేసేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు. నేను మొదటిసారి ఈ ఉర్సుకు బస్సుల చార్టు వేసేటప్పుడు హిజ్రీ లెక్కకట్టబోతే, పక్క సీటు గుమాస్తా నవ్వి పోయినేటి చార్టు నా ముందు పెట్టాడు.

పుష్కరాలను కూడా చేర్చాలనుకుంటే వాటికి బృహస్పతిని చూడాలి. ఆయన రాశిచక్రం చుట్టిరావడానికి సుమారు 12 ఏళ్ళు. కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు, మకరంలో ప్రవేశిస్తే తుంగభద్రకు. కృష్ణా పుష్కరాలు 2004లో, ఆ తర్వాత 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మన వాడపల్లి, నాగార్జునసాగర్ మొదలుకొని బీచుపల్లి, సోమశిల వరకు ఘాట్లన్నీ నిండాయి. తుంగభద్రవి 2020 నవంబరులో అలంపురం వైపు జరిగాయి.

జాతరల విషయానికి వస్తే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మాఘమాసం మీద అంత భారం ఎందుకు పడిందో ఒక్కసారి గమనించండి. చెరువుగట్టు బ్రహ్మోత్సవాలలో స్వామి కల్యాణం రథసప్తమికి, ఆ తర్వాత అగ్నిగుండాలు. మన్యంకొండలో రథోత్సవం మాఘ పౌర్ణమికి. అలంపురం జోగులాంబ నిజరూప దర్శనం వసంత పంచమికి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు, అంటే లింగమంతుల స్వామి జాతర కూడా మాఘంలోనే. నాకు తోచిన కారణం సాదాసీదాది: వానకాలపు పంట ఇల్లు చేరి చేతిలో డబ్బు ఆడుతుంది, ఎండ ఇంకా ముదరదు, గుట్ట మీద రాత్రి పడుకుంటే వాన భయం లేదు. వారి వారి స్థలపురాణాలు వేరే కారణాలు చెబుతాయి, వాటితో నాకు తగువు లేదు.

మీ క్యాలెండర్లలో పెద్దగట్టు కొన్నేళ్ళు కనిపించకపోవడానికి కారణం అది రెండేళ్ళకు ఒకసారి జరగడం. 2023లో ఫిబ్రవరి 5న, 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది. రెండూ ఆదివారాలే. 2023లో ఆ ఆదివారం పౌర్ణమి, 2025లో పౌర్ణమి దాటి నాలుగో రోజు. అంటే ఇక్కడ నెల మాఘం కావాలి, వారం ఆదివారం కావాలి, తిథి పట్టింపు అంతగా లేదు. కేసారం నుంచి దేవరపెట్టె (దేవతామూర్తులుండే పెట్టె) వస్తుంది. గజ్జెల లాగులు వేసుకున్న యాదవ యువకులు భేరీల మోతకు "ఓ లింగా" అని అరుస్తూ గుట్ట ఎక్కుతారు. అయిదు రోజుల పాటు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే వాహనాలను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ వైపు మళ్ళిస్తారు. గొల్లగట్టు జాతర అని కూడా అంటారు, పట్టికలో రెండు పేర్లూ రాయించండి.

మహబూబ్‌నగర్ వైపు కురుమూర్తి జాతర దీపావళి అమావాస్య సమయంలో మొదలవుతుంది. అందులో ఉద్దాల ఉత్సవం చూడదగ్గది. స్వామి పాదరక్షలను చిన్నవడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా తెస్తారు, వాటిని నెత్తికి తాకించుకోవడానికి జనం తోసుకుంటారు. చెప్పు తాకితే అవమానమనుకునే సమాజంలో చెప్పు కుట్టేవారి చేతిపనికి ఏటా ఒక రోజు తలలన్నీ వంగుతాయి. నల్లమలలోని సలేశ్వరం చైత్ర పౌర్ణమికి. చెంచుల లింగమయ్య దగ్గరికి అడవిలో ఆ కొద్దిరోజులే అనుమతి ఉంటుంది. యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో.

కొన్నింటికి మాత్రం ఏ పంచాంగమూ చెప్పదు. హైదరాబాదు బోనాలు ఆషాఢంలో ముగిసిన తర్వాత మన ఊళ్ళలో శ్రావణంలో ముత్యాలమ్మకు బోనాలు తీస్తారు, కాని ఏ వారం అన్నది ఊరి పెద్దలు కూర్చుని తేల్చి డప్పుతో చాటింపు వేయిస్తారు. నాట్లు పూర్తి కాకపోతే వారం వాయిదా వేయడం నేను చాలాసార్లు చూశాను. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలలో తీజ్ కూడా అంతే. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టలలో పుట్టమట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచే పండుగ అది. ఏ రోజు మొదలుపెట్టాలో తండా నాయక్, పెద్దలు చెబుతారు. పక్క పక్క తండాలలో వేర్వేరు రోజులు ఉండవచ్చు. మీ బడికి తండా పిల్లలు వస్తుంటే ఆ గడిని వారితోనే నింపించండి.

క్రిస్మస్ తేదీ మారదు. గుడ్ ఫ్రైడే మారుతుంది. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్, దానికి ముందటి శుక్రవారం గుడ్ ఫ్రైడే. 2026లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. సలేశ్వరం పౌర్ణమి, ఈస్టర్ పౌర్ణమి ఆ ఏడాది ఒకటే.

ఇక జాతీయ దినాలు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, మన రాష్ట్ర అవతరణ దినం జూన్ 2. వీటిని ధైర్యంగా పెయింటుతోనే రాయించండి. 1957 మార్చి 22 నుంచి భారత ప్రభుత్వానికి శక సంవత్సరం ప్రకారం ఒక జాతీయ క్యాలెండరు కూడా ఉన్నది. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసు చేసినది. ఆకాశవాణిలో, గెజిట్‌లో తప్ప దాన్ని చూసి పండుగ చేసుకున్నవారిని నేను ఎరగను. సెప్టెంబరు 17 దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. 1947 ఆగస్టు 15న మన నల్లగొండ నిజాం ఏలుబడిలోనే ఉంది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ దినాన్ని కేంద్రం హైదరాబాదు విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని జరిపాయి. ఇక్కడ తేదీ స్థిరంగా ఉండి పేరే కదులుతోంది కాబట్టి, తేదీ పెయింటుతోనూ పేరు సుద్దతోనూ రాయించడం మేలు.

పట్టికకు నాలుగు గడులు చాలు: పండుగ పేరు, అది చూసేది, ఏ వేళకు ఏది ఉండాలి, ఈ ఏటి తేదీ. రెండో గడిలో సూర్యుడు, చంద్రుడు, చంద్రుడు (అధికమాసం లేదు), బృహస్పతి, ఊరి మాట, ప్రభుత్వం అని ఆరు రకాలకు ఆరు రంగులు వాడండి. జాన్‌పహాడ్ ఉర్సుకు ఆ రంగులలో ఏదీ సరిపోదు, దానికి ఎదురుగా జనవరి అని మాత్రం రాయించండి. నాలుగో గడిని ఉగాది ముందు వారంలో కొత్త పంచాంగం చూసి పిల్లలచేత నింపించండి. పంచాంగాలు రెండు కొనండి, ఒకటి పూర్వపద్ధతిది, ఒకటి దృగ్గణితానిది. రెండింటిలో తేదీ కలవని పండుగ దగ్గర రెండు తేదీలూ రాయించి, మీ ఊరు ఏ రోజు చేసుకున్నదో పండుగ అయిన తర్వాత సున్నా చుట్టించండి. నా చార్టు పుస్తకాలలో నేను అలాగే చుట్టేవాణ్ణి. మరుసటి ఏడు ముందుగా చూసుకునేది ఆ సున్నాలనే.